మిస్టరీ షాపింగ్ చేద్దామంటే 1,499 కట్టమంటున్నారు. అసలు కంపెనీలను ఎలా గుర్తుపట్టాలి, డబ్బులు ఎలా ఇస్తారు?

నిజాంపేట అమ్మ:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాను. ఇద్దరు పిల్లలు, పాప ఐదో తరగతి, బాబు యూకేజీ. పెళ్లికి ముందు నాలుగేళ్లు కాల్ సెంటర్‌లో పనిచేశాను, బాబు పుట్టాక మళ్లీ ఉద్యోగానికి వెళ్లడం కుదరలేదు. పిల్లలు బడికి వెళ్లాక పొద్దున తొమ్మిదిన్నర నుంచి మూడింటి వరకు నా టైమ్ నాదే, ఆ టైమ్‌లో ఏదైనా పని చూసుకుందామని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

పోయిన వారం మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపింది. మిస్టరీ షాపర్లు కావాలట, మామూలు కస్టమర్‌లా షాపుకి వెళ్లి ఏదో ఒకటి కొని, అక్కడివాళ్లు ఎలా మాట్లాడారో, షాపు ఎలా ఉందో రాసి పంపితే రోజుకి 2,000 నుంచి 5,000 వరకు ఇస్తారట. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఐడీ కార్డుకి, ట్రైనింగ్‌కి కలిపి 1,499 కట్టాలి, మొదటి పేమెంట్‌తో పాటు అది తిరిగి ఇచ్చేస్తాం, కానీ ఈరోజు సాయంత్రం లోపలే కట్టాలి అంది. మావారు ఇదంతా మోసం, అసలు ఇలాంటి ఉద్యోగమే ఉండదు అంటున్నారు. మా పక్క ఫ్లాట్ ఆవిడేమో వాళ్ల అన్నయ్య బెంగళూరులో నిజంగానే చేస్తున్నాడని, పిజ్జా తిని రిపోర్టు రాస్తే డబ్బులు పడుతున్నాయని చెబుతోంది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో అర్థం కావడం లేదు.

మీలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే దయచేసి చెప్పండి. నిజమైన కంపెనీలు ఉన్నాయా, ఉంటే వాటిని ఎలా పట్టుకోవాలి, డబ్బులు ఎన్ని రోజులకు వస్తాయి, బ్యాంకులో వేస్తారా ఇంకెలాగైనా ఇస్తారా? నాకు టెన్షన్‌గా ఉంది, ఆవిడ ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది.

మలక్‌పేట ఆడిటర్:

అమ్మా, ముందు ఆ నంబరు బ్లాక్ చేసేయండి, ఆ తర్వాత మిగతాది చదవండి.

నేను ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఉద్యోగం వేరే ఉంది, ఇది శని ఆదివారాల్లోనూ సాయంత్రాలూ చేసుకుంటాను. మీ పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పింది నిజం, మీవారి అనుమానమూ నిజం, ఎందుకంటే ఈ పని ఉంది, దీని పేరు చెప్పి మోసం చేసేవాళ్లూ చాలామంది ఉన్నారు.

ఇందులో డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్తుందో తెలిస్తే చాలావరకు మీకే అర్థమైపోతుంది. ఒక పెట్రోల్ కంపెనీనో, బట్టల బ్రాండో, బంగారం షాపుల చైనో తన కొట్లలో కస్టమర్‌ని ఎలా చూస్తున్నారో తెలుసుకోవాలనుకుంటుంది. అందుకోసం మిస్టరీ షాపింగ్ కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది, ఆ కంపెనీ మనలాంటి వాళ్లను కస్టమర్లుగా పంపుతుంది. బ్రాండు కంపెనీకి ఇస్తుంది, కంపెనీ మనకు ఇస్తుంది. మన జేబులోంచి కంపెనీకి పోయే దారి ఇందులో ఎక్కడా లేదు. రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ అన్నా, తిరిగిచ్చే డిపాజిట్ అన్నా అడిగారంటే అది మోసమే, ఇందులో మినహాయింపు నేను ఒక్కటి కూడా చూడలేదు. పైగా ఐడీ కార్డు దేనికండీ? మనం ఎవరో షాపువాళ్లకి తెలియకూడదన్నదే ఈ పని. కొన్ని విజిట్లలో మాత్రం చివర్లో మేనేజర్‌ని కలిసి ఫలానా కంపెనీ తరఫున వచ్చానని చెప్పాల్సి ఉంటుంది, అప్పుడు చూపించడానికి ఒక లెటర్ మెయిల్‌లో పంపుతారు, దానికి ఒక్క రూపాయి తీసుకోరు.

కంపెనీల సంగతి. మిస్టరీ షాపింగ్ కంపెనీలకి ఎంఎస్‌పీఏ అని అంతర్జాతీయ సంఘం ఉంది, అమెరికాలో మొదలైంది, ఇప్పుడు ఆసియా పసిఫిక్‌కి వేరే విభాగం ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో సభ్యులైన కంపెనీల జాబితా ఉంటుంది, వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ సంఘం మాత్రం ఎవరికీ పని ఇవ్వదు, అది కంపెనీల సంఘం, కాబట్టి ఎంఎస్‌పీఏ నుంచి మాట్లాడుతున్నాం, మిమ్మల్ని సెలెక్ట్ చేశాం అని ఫోన్ వస్తే పెట్టేయండి. మన దేశంలో పని దొరికే కంపెనీల్లో బేర్ ఇంటర్నేషనల్ ఉంది, 1987లో అమెరికాలో పెట్టారు, ఇక్కడా ఆఫీసు ఉంది. హెచ్ఎస్ బ్రాండ్స్ ఉంది, రెడ్‌క్వాంటా, ఫ్లోర్‌వాక్ లాంటి మన దేశపు కంపెనీలు ఉన్నాయి. ఇవే అని కాదు, ఇంకా ఉన్నాయి, కానీ కొత్తవాళ్లు ఇక్కడితో మొదలుపెడితే చాలు.

ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. మోసగాళ్లు ఇవే పేర్లు, ఇవే లోగోలు పెట్టుకుని మెసేజ్‌లు పంపుతారు. పేరు నిజమైనంత మాత్రాన పంపినవాడు నిజం కాదు. ఎవరో పంపిన లింకు నొక్కకుండా, కంపెనీ వెబ్‌సైట్ మీరే వెతికి తెరిచి, అక్కడ షాపర్‌గా రిజిస్టర్ అవ్వండి. పేరు, ఊరు, వయసు, బండి ఉందా, కారు ఉందా, ఏ ఏరియాలు తిరగగలరు, ఇలాంటివి అడుగుతారు. అంతే. ఆ తర్వాత పని కోసం మీరే లాగిన్ అయి చూసుకోవాలి, లేదా మీ ఏరియాలో విజిట్ ఉంటే మెయిల్ వస్తుంది. మీరు అప్లై చేయకుండా మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే పని ఇందులో ఉండదు.

డబ్బు గురించి రాత్రి రాస్తాను, డ్యూటీకి టైమ్ అయింది.

గాజువాక నుంచి:

నేను మోసపోయినదాన్ని, నా సంగతి చెబుతాను, ఇంకొకరికి అలా కాకూడదని.

నన్ను వాళ్లు డబ్బు కట్టమని అడగలేదు. ముందు వాళ్లే ఇచ్చారు. అందుకే నమ్మాను. మిస్టరీ షాపర్ పని, ఇంట్లో కూర్చునే చేయొచ్చు అని మెసేజ్, గూగుల్ మ్యాప్స్‌లో మూడు హోటళ్లకి ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే పది నిమిషాల్లో 210 రూపాయలు యూపీఐలో పడ్డాయి. మర్నాడు ఇంకో 150. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు, అందులో రోజూ ఎవరో ఒకరు నాకు 8,000 వచ్చింది, నాకు 12,000 వచ్చింది అని ఫొటోలు పెడుతుంటారు. ఆ మనుషులంతా వాళ్లేనని ఇప్పుడు తెలుసు. మూడో రోజు ప్రీపెయిడ్ టాస్క్ అన్నారు, 1,000 వేస్తే 1,300 ఇస్తాం అని. వేశాను, నిజంగానే 1,300 ఇచ్చారు. తర్వాత 5,000. ఆ తర్వాత వాళ్ల సైట్‌లో నా ఖాతాలో డబ్బు పెరుగుతున్నట్టు చూపిస్తూనే ఉంది, తీసుకుందామంటే మాత్రం ఇంకో టాస్క్ పూర్తి చేయాలి, ట్యాక్స్ కట్టాలి, తప్పు టైమ్‌లో నొక్కారు కాబట్టి పెనాల్టీ కట్టాలి అంటూ వచ్చారు. నాలుగు రోజుల్లో 46,000 పోయింది. అందులో 20,000 మా అమ్మ చీటీ పాట డబ్బు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను కానీ చేసింది మూడో రోజు, ఇంట్లో చెప్పడానికి భయపడి. అప్పటికే ఆ డబ్బు వేరే ఖాతాలకి దాటిపోయింది. ఎవరికైనా ఇలా జరిగితే సిగ్గుపడకుండా వెంటనే, అదే గంటలో 1930కి చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి, డబ్బు ఇంకా మొదటి ఖాతాలోనే ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. ఇంకొకటి, వాళ్లు మొదట్లో మనకిచ్చే 210, 1,300 కూడా వేరే మోసపోయినవాళ్ల డబ్బే అయి ఉండొచ్చు. అలా ఒక దొంగ డబ్బు మన ఖాతాలో పడితే పోలీసుల మాట మీద బ్యాంకు మన ఖాతాను ఆపేస్తుంది. నా సేవింగ్స్ ఖాతా అలాగే రెండు నెలలు ఆగిపోయింది, పాల బిల్లు కట్టడానికి కూడా లేకుండా.

మలక్‌పేట ఆడిటర్:

గాజువాక మేడమ్, ఇది రాసినందుకు మీకు చాలా థ్యాంక్స్. నేను చెప్పడం మర్చిపోయింది మీరు చెప్పారు. కొత్తవాళ్లు డబ్బు వెంటనే పడితే నిజం, ఆలస్యమైతే మోసం అనుకుంటారు, ఈ పనిలో సరిగ్గా దానికి తిరగేసి ఉంటుంది. అసలు కంపెనీ ఏదీ పది నిమిషాల్లో డబ్బు వేయదు. అసలు మిస్టరీ షాపింగ్‌లో ఎవరూ ఐదు స్టార్లు పెట్టమని కూడా అడగరు, ఉన్నది ఉన్నట్టు రాయమంటారు, బాగుందని రాసినా బాగాలేదని రాసినా మన ఫీజులో తేడా రాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక్కో విజిట్‌కి రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ఫీజు, మన శ్రమకి. రెండోది రీయింబర్స్‌మెంట్, అంటే మనం అక్కడ కొన్నదాని ఖర్చు తిరిగి ఇవ్వడం, దీనికి ఒక హద్దు ఉంటుంది. నాకు వచ్చినవే చెబుతాను. పెట్రోల్ బంకుకి ఫీజు 250, దాంతోపాటు 200 వరకు పెట్రోల్. హోటల్లో ఇద్దరం తినే విజిట్‌కి ఫీజు 300, బిల్లు 800 వరకు, 800 దాటితే ఆ పైది మనదే. కారు షోరూమ్‌లో కొనేదేమీ ఉండదు కాబట్టి ఫీజు మాత్రమే, 500 వచ్చింది, కానీ ఆ తర్వాత నెల రోజులు వాళ్ల సేల్స్ కుర్రాడు ఎప్పుడు కొంటారు సార్ అని ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఆ ఫోన్లు ఎన్నిసార్లు వచ్చాయో రాయడం కూడా ఆ పనిలో భాగమే. చాలా విజిట్లలో ఫీజు 200 నుంచి 600 మధ్యే ఉంటుంది. రోజుకి 5,000 అని ఎవరైనా చెబితే ఆ ఒక్క మాట చాలు వాళ్లు ఎవరో తెలియడానికి. నాకు మంచి నెలలో మూడు, నాలుగు వేలు వస్తుంది, కొన్ని నెలల్లో ఏమీ రాదు.

మన ఊరికి ఎక్కువగా దొరికేవి బంకులు, బర్గర్ పిజ్జా షాపులు, మొబైల్ షోరూమ్‌లు, బ్యాంకు బ్రాంచీలు, బట్టల షాపులు, బంగారం షాపులు. ఒక్కోదానికి గైడ్‌లైన్స్ పది, పదిహేను పేజీలు ఉంటాయి, అవి చదివాక చిన్న పరీక్ష పెడతారు. బంకులో మీటరు జీరో చూడమని చెప్పాడా, అడక్కుండానే బిల్లు ఇచ్చాడా, గాలి మిషన్ పనిచేస్తోందా, లేడీస్ టాయిలెట్‌కి తాళం వేసి ఉందా. బంగారం షాపులో తరుగు, మజూరీ ఎంతో విడివిడిగా చెప్పారా, హాల్‌మార్క్ మీద ఉండే హెచ్‌యూఐడీ నంబరు అడిగితే చూపించారా. ఇవన్నీ గుర్తుపెట్టుకుని, టైమ్ నిమిషాలతో సహా, అదే రోజు రాత్రిలోపు లేదా మర్నాడు మధ్యాహ్నం లోపు రిపోర్టులో నింపాలి. విజిట్ అరగంట అయితే రిపోర్టుకి గంటన్నర పడుతుంది. ఒప్పుకునే ముందు ఆ గంటన్నర, రానూపోనూ పెట్రోల్, అన్నీ లెక్కేసుకోండి. మలక్‌పేట నుంచి మియాపూర్ వెళ్లి 250 తెచ్చుకుంటే నాకు మిగిలేదేమీ ఉండదు. దారి ఖర్చు చాలా వాటిలో ఇవ్వరు.

నెలాఖరులో ఎవరూ తీసుకోని విజిట్లు మిగిలిపోతే కంపెనీవాళ్లే ఫీజు పెంచుతారు. షెడ్యూలర్‌తో, అంటే కంపెనీలో మనకి విజిట్లు కేటాయించే మనిషితో, మర్యాదగా మాట్లాడితే, ఈ దూరానికి 250 సరిపోదండీ, 400 అయితే చేస్తాను అని అడగొచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఇది నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

రిపోర్టు పంపగానే డబ్బు రాదు. దాన్ని ఎడిటర్ చదువుతారు, అనుమానాలు ఉంటే మనల్ని అడుగుతారు, సరిపోయిందనుకుంటే ఓకే చేస్తారు. ఓకే అయిన తేదీ నుంచి, లేదా ఆ నెలాఖరు నుంచి 30 రోజులని కొందరు, 45 అని కొందరు, 60 అని కొందరు అంటారు. రిజిస్టర్ అయ్యేటప్పుడు మనం ఒప్పుకునే అగ్రిమెంట్‌లోనే ఇది రాసి ఉంటుంది, ఎవరూ చదవరు, మీరు చదవండి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. కొన్ని విదేశీ కంపెనీలు పేపాల్‌లో ఇస్తాయి.

నిజాంపేట అమ్మ:

ఇంత వివరంగా చెప్పినందుకు మీ ఇద్దరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆ నంబరు బ్లాక్ చేశాను. మా ఆడపడుచుకి కూడా ఫోన్ చేసి చెప్పాను, తను అప్పటికే 1,499 కట్టేసింది, నాకు చెప్పలేదు. ఇప్పుడు తనని పక్కన కూర్చోబెట్టుకునే 1930కి చేశాం.

నాకింకా రెండు మూడు సందేహాలు. కంపెనీకి డబ్బు ఇవ్వకూడదన్నారు, కానీ 800 బిల్లు ముందు నేనే పెట్టుకోవాలంటే అదీ నా జేబులోంచి పోయినట్టేగా, తిరిగి ఇవ్వకపోతే? పాన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వడం ప్రమాదం కాదా? మా ఇంట్లో ఒక నెలలో రెండు వేలు అలా బయట ఆగిపోతే ఇబ్బందే.

మలక్‌పేట ఆడిటర్:

మంచి ప్రశ్న అడిగారు. తేడా ఏంటంటే ఆ 800 మీరు హోటల్ కౌంటర్లో ఇస్తారు, దానికి తిండి వస్తుంది, మీ చేతికి బిల్లు వస్తుంది. కంపెనీకో, కంపెనీ చెప్పిన ఇంకో మనిషి యూపీఐకో ఇవ్వరు. అయినా తిరిగి రాని రోజులు ఉంటాయి, అది దాచను. ఒక హోటల్ విజిట్‌కి మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపల అని గైడ్‌లైన్స్‌లో ఉంటే, మేం తినడం ఆలస్యమై బిల్లు మీద టైమ్ మూడూ ఆరు పడింది. రిపోర్టు మొత్తం కొట్టేశారు, ఫీజు లేదు, 740 బిల్లూ లేదు. కోపం వచ్చింది, కానీ అగ్రిమెంట్‌లో ఉన్నదే. బిల్లు పోగొట్టుకున్నా, యాప్‌లో ఆర్డర్ పెట్టినా, చెప్పిన బ్రాంచి కాక పక్క బ్రాంచికి వెళ్లినా ఇదే జరుగుతుంది. ఇంకో కంపెనీ అయితే తప్పేమీ లేకుండానే నా రెండు విజిట్ల డబ్బు నాలుగు నెలలు ఆపింది, మెయిల్ మీద మెయిల్ పెట్టి తెచ్చుకున్నాను, మళ్లీ వాళ్ల దగ్గర పని తీసుకోలేదు.

అందుకని మొదటి మూడు నెలలు కొనాల్సిన ఖర్చు తక్కువ ఉన్నవి, అసలు కొనడమే లేనివి తీసుకోండి. ఫోన్ చేసి మాట్లాడే ఆడిట్లు కూడా ఉంటాయి, కాల్ సెంటర్ అనుభవం ఉంది కాబట్టి అవి మీకు బాగా నప్పుతాయి. ఒక కంపెనీ దగ్గర మొదటి డబ్బు చేతికొచ్చేవరకు రెండో పెద్ద బిల్లు పెట్టకండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, కంపెనీ, షాపు, పెట్టిన ఖర్చు, రావాల్సింది, ఓకే అయిన రోజు, డబ్బు పడిన రోజు రాసుకోండి. నేను ఇప్పటికీ చేత్తోనే రాస్తాను.

పాన్ అడగడం మామూలే, పన్ను కోతకి కావాలి. ఆ కోత, అంటే టీడీఎస్, ఇన్‌కమ్ ట్యాక్స్ వెబ్‌సైట్‌లో మీ పాన్ మీద కనిపిస్తుంది, మీకు వేరే ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, నేను ఒకసారి అలా తెచ్చుకున్నాను. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇవ్వాలి, అవి లేకుండా డబ్బు ఎలా వేస్తారు. ఓటీపీ, యూపీఐ పిన్, ఏటీఎం కార్డు వెనకాల ఉండే మూడంకెలు మాత్రం ఎవరికీ చెప్పకూడదు. మనకి డబ్బు రావడానికి మనం పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. మనసు ఒప్పకపోతే ఈ పనికి విడిగా ఒక జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి, అదే ఇవ్వండి.

బెజవాడ మేనేజర్:

నేను ఇంకోవైపు నుంచి చెబుతాను. పదకొండేళ్లు ఒక ఫుడ్ చైన్‌లో పనిచేశాను, అందులో ఆరేళ్లు స్టోర్ మేనేజర్‌గా. నెలకోసారి మిస్టరీ షాపర్ వచ్చేవారు, ఎవరో ఎప్పుడో తెలిసేది కాదు. రిపోర్టు మార్కులు మా ఇన్సెంటివ్‌లో కలిసేవి, నాదొక్కడిదే కాదు, కౌంటర్లో నిలబడే పిల్లలది కూడా. అందుకే మీకు ఒక మాట చెప్పాలనిపించింది.

కొందరు షాపర్లు డబ్బు కోసం వెళ్లకుండానే రాసేస్తారు, లేదా తినేసి వచ్చి గుర్తున్నంత వరకు రాసి మిగతాది కల్పిస్తారు. ఒకసారి మా స్టోర్‌లో టేబుల్ తుడవలేదని, కౌంటర్లో అమ్మాయి నవ్వలేదని రాశారు. ఆ అమ్మాయి ఆరోజు సెలవులో ఉంది. పేరు బ్యాడ్జి మీద చూశానని రాసిన పేరు ఆవిడదే. సీసీ కెమెరా వీడియో తీసి పంపితే ఆ రిపోర్టు రద్దయింది కానీ, కెమెరా లేకపోతే ఆ అమ్మాయికి ఆ నెల 1,200 పోయేది. తన జీతానికి అది చిన్న మొత్తం కాదు.

ఎడిటర్ మిమ్మల్ని అన్ని ప్రశ్నలు అడగడం, బిల్లు మీద టైమ్ చూడడం, షాపు బోర్డు ఫొటో అడగడం, డబ్బు 45 రోజులు ఆగడం, వీటిలో కొంత ఇందుకే. రిపోర్టు మీద స్టోర్‌వాళ్లు అభ్యంతరం పెట్టుకోవడానికి మాకు కొన్ని రోజులు గడువు ఇచ్చేవారు, అది దాటాక లెక్క తేలేది. కాబట్టి నిజాంపేట అమ్మగారు, మీకు గుర్తులేనిది గుర్తులేదనే రాయండి. వెళ్లిన వెంటనే టైమ్ ఫోన్లో నోట్ చేసుకోండి, ఎవరికో మెసేజ్ పెడుతున్నట్టు చేయొచ్చు, అందరూ అలాగే చేస్తారు. కాగితం తీసి రాస్తే మేం ఒక్క చూపులో పట్టేసేవాళ్లం. అలాగే ఒక్కరే వచ్చి, ఏమీ తినకుండా, టాయిలెట్‌కి వెళ్లి ఫొటో తీసుకుని వచ్చేవాళ్లని కూడా. పిల్లల్ని తీసుకువెళ్లొచ్చని గైడ్‌లైన్స్‌లో ఉంటే తీసుకువెళ్లండి, పిల్లలతో వచ్చిన తల్లిని ఎవరూ అనుమానించరు.

డల్లాస్ నుంచి:

ఇండియా సంగతి కాదు కానీ ఇక్కడున్న మన పిల్లలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రాస్తున్నాను. నేను టెక్సాస్‌లో ఉంటాను, హెచ్4 వీసా, అంటే హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది, దాని మీద వచ్చి, ఈఏడీ అనే వర్క్ పర్మిట్ వచ్చాక రెండేళ్లు మిస్టరీ షాపింగ్ చేశాను. బర్గర్ షాపులకి 8 డాలర్లు, 10 డాలర్లు ఫీజు, తిండి ఖర్చు వేరే, అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసుకి వెళ్లి ఇల్లు కావాలని అడిగే విజిట్లకి 30 డాలర్ల దాకా. నెల గడిచాక పేపాల్‌లో వచ్చేది. ఇక్కడ మనల్ని ఉద్యోగిగా కాదు, సొంతంగా పనిచేసే కాంట్రాక్టర్‌గా చూస్తారు, డబ్ల్యూ9 అనే పన్ను ఫారం నింపమంటారు, వచ్చిన ఫీజంతా ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి.

ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న పిల్లలకి నా మాట. ఇది క్యాంపస్ బయట చేసే పని, చిన్నదే కదా అనుకోవద్దు, వర్క్ ఆథరైజేషన్ లేకుండా చేస్తే వీసా స్టేటస్ పోతుంది. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు కూడా స్పాన్సర్ చేసిన కంపెనీకే పనిచేయాలి, సైడ్‌లో ఇది చేయకూడదు. హెచ్4 వాళ్లు ఈఏడీ చేతికి వచ్చాకే.

ఇక్కడి మోసం వేరేలా ఉంటుంది. మా తమ్ముడి రూమ్మేట్‌కి యూనివర్సిటీ మెయిల్‌కే వచ్చింది. మిస్టరీ షాపర్‌గా సెలెక్ట్ అయ్యావంటూ పోస్టులో 2,350 డాలర్ల చెక్కు పంపారు. బ్యాంకులో వేసుకో, 350 నీ జీతం, మిగతా 2,000కి గిఫ్ట్ కార్డులు కొని, వెనకాల గీరి ఆ నంబర్ల ఫొటోలు పంపు, కొనేటప్పుడు స్టోర్ సర్వీస్ ఎలా ఉందో రాయి అన్నారు. మర్నాటికి ఖాతాలో డబ్బు కనిపించింది, దాంతో చెక్కు పాసైంది అనుకున్నాడు. అమెరికాలో బ్యాంకులు చెక్కు వేశాక త్వరగా, మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే డబ్బు వాడుకోనివ్వాలని రూల్ ఉంది, కానీ అది దొంగ చెక్కు అని తేలడానికి వారాలు పట్టొచ్చు. పదకొండో రోజు చెక్కు వెనక్కి వచ్చింది, బ్యాంకు మొత్తం 2,350 అతని నుంచే వసూలు చేసింది. గిఫ్ట్ కార్డు నంబర్లు పోయినవి పోయినట్టే. సెమిస్టర్ ఫీజు కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బు అది. వినియోగదారుల తరఫున మోసాలు చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఈ చెక్కు మోసం గురించి ఏళ్లుగా చెబుతూనే ఉంది, అయినా ప్రతి కొత్త బ్యాచ్‌లో ఒకరిద్దరు పడుతున్నారు. ముందు చెక్కు పంపి అందులోంచి ఖర్చు పెట్టమనే మిస్టరీ షాపింగ్ కంపెనీ ఏదీ లేదు. జరిగితే రిపోర్ట్‌ఫ్రాడ్ డాట్ ఎఫ్‌టీసీ డాట్ గవ్‌లో పెట్టండి, బ్యాంకుకి వెంటనే చెప్పండి, ముఖ్యంగా ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఆ అబ్బాయి మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా ఒంటిపూట తిని బతికాడు.

గాజువాక నుంచి:

ఒంటిపూట తిన్నాడన్నది చదివి ఏడుపొచ్చింది. నాకు తెలుసు ఆ భయం ఎలా ఉంటుందో.

కంపెనీ రిజిస్టర్ అయి ఉందో లేదో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చని ఒకరు చెప్పారు, అది సరిపోతుందా?

మలక్‌పేట ఆడిటర్:

చూడండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు. అక్కడ పేరు లేకపోతే అనుమానించాలి, పేరు ఉంటే మాత్రం అలాంటి కంపెనీ ఒకటి ఉందని మాత్రమే తెలుస్తుంది, మీతో మాట్లాడుతున్నవాళ్లు ఆ కంపెనీ మనుషులే అని కాదు. నేనైతే ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న మెయిల్‌కి రాసి, మీ పేరుతో నాకు ఈ మెసేజ్ వచ్చింది, మీదేనా అని అడుగుతాను. అసలు కంపెనీ అయితే ఒకటి రెండు రోజుల్లో జవాబు ఇస్తుంది.

నిజాంపేట అమ్మ:

అందరికీ మళ్లీ నమస్కారం, ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమైందో చెప్పాలి కదా.

మా ఆడపడుచు 1,499 ఇంకా రాలేదు, ఫిర్యాదు నంబరు వచ్చింది. నేను రెండు కంపెనీల్లో సొంతంగా వెబ్‌సైట్ తెరిచి రిజిస్టర్ అయ్యాను, ఎక్కడా రూపాయి అడగలేదు. పదిహేను రోజులు ఏ పనీ రాలేదు, తర్వాత మా ఇంటికి దగ్గర్లోనే ఒక బంకు వచ్చింది, ఫీజు 250, పెట్రోల్ 150 వరకు. గైడ్‌లైన్స్ మూడుసార్లు చదివాను, పరీక్షలో మొదటిసారి తప్పాను, రెండోసారి పాసయ్యాను. స్కూటీ మీద వెళ్లాను. అబ్బాయి జీరో చూడండి మేడమ్ అన్నాడు, బిల్లు అడిగితేనే ఇచ్చాడు. లేడీస్ టాయిలెట్‌కి తాళం ఉంది, తాళంచెవి అడిగితే వెతికి తెచ్చి ఇచ్చారు, అదీ అలాగే రాశాను. బెజవాడ మేనేజర్ గారూ, ఆ అబ్బాయి బ్యాడ్జి సరిగ్గా కనిపించలేదు, పేరు తెలియలేదనే రాశాను.

మర్నాడు ఎడిటర్ నుంచి మెయిల్ వచ్చింది, బిల్లు ఫొటోలో టైమ్ మసకగా ఉంది, మళ్లీ తీసి పంపమని. బిల్లు దాచాను కాబట్టి పంపగలిగాను. ఓకే అయింది. మావారు అగ్రిమెంట్ మొత్తం చదివి, ఓకే అయిన నెలాఖరు నుంచి 45 రోజులు అని ఉన్న చోట గీత గీసి ఇచ్చారు. నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసుకున్నాను, పెట్టింది 150, రావాల్సింది 400, డబ్బు పడిన రోజు అన్న గడి ఖాళీగా ఉంది. రేపు ఫోన్ ఆడిట్లు మూడు ఉన్నాయి, పిల్లలు బడికి వెళ్లగానే మొదలుపెడతాను.